ప్యాకేజీలన్నీ ఉన్నాయి, అక్షరం మాత్రం రాదు: లినక్స్‌లో ఇన్‌పుట్ మెథడ్‌ల డిపెండెన్సీలు

లినక్స్ డెస్క్‌టాప్‌లో తెలుగు టైప్ చేద్దామని ఐబస్ అనే ఇన్‌పుట్ మెథడ్ (నొక్కిన కీలని తెలుగు అక్షరాలుగా మార్చే ఏర్పాటు), దానికి తోడుగా ఐబస్-ఎం17ఎన్ ఇన్‌స్టాల్ చేస్తాం. ప్యాకేజీ మేనేజర్ ఏ తప్పూ చూపించదు. టెక్స్ట్ ఎడిటర్‌లో తెలుగు చక్కగా వస్తుంది. బ్రౌజర్‌లోనూ వస్తుంది. మూడో అప్లికేషన్ తెరిచి అదే కీ నొక్కితే మాత్రం ఇంగ్లిష్ అక్షరమే పడుతుంది. డిపెండెన్సీలు, అంటే ఒక ప్యాకేజీకి కావలసిన ఇతర ప్యాకేజీలు, ఏమైనా తెగాయేమోనని సరిచూస్తే, అన్నీ సవ్యంగానే ఉన్నాయని జవాబు. ఇక టెన్షన్ పడి అన్నీ తీసేసి మళ్లీ పెట్టడం, ఐబస్ తీసేసి అలాంటిదే మరొకటైన ఎఫ్‌సిటిఎక్స్ పెట్టడం, అదీ కుదరక రెండూ ఉంచుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి చిక్కుముడి ఇంకా బిగుస్తుంది.

ప్యాకేజీ మేనేజర్ చెప్పింది నిజమే. కాకపోతే దానికి తెలిసిన డిపెండెన్సీ ఒక రకం, టైపింగ్‌కి కావలసిన డిపెండెన్సీ ఇంకో రకం.

ఫలానా లైబ్రరీ లేకపోతే ఒక ప్రోగ్రామ్ అసలు మొదలే కాదనుకోండి. ప్యాకేజీ తయారుచేసేటప్పుడే ఆ సంగతి బయటపడుతుంది, డిపెండెన్సీగా నమోదవుతుంది. ఇది గట్టి ముడి. ఇన్‌పుట్ మెథడ్‌ల దగ్గర ఇలాంటి ముళ్లు తక్కువ. చాలావరకు ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడే ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఒక ఫోల్డర్‌లో వెతికి ప్లగిన్‌ని ఎక్కించుకోవడం, డీబస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే దారి) మీద వేరే ప్రాసెస్‌తో మాట్లాడటం, ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్‌లు చదువుకునే సెట్టింగ్) విలువ చూసి దారి ఎంచుకోవడం, ఇవన్నీ అప్పటికప్పుడు జరిగేవి. ఎడిటర్ ప్యాకేజీలో ఐబస్ పేరు ఉండదు, ఐబస్ ప్యాకేజీలో ఆ ఎడిటర్ పేరు ఉండదు. ఆ రెంటినీ కలిపే ముక్క మూడో ప్యాకేజీలో ఉంటుంది. అది లేకపోయినా ఏ ప్రోగ్రామూ ఆగదు, ఏ ఎర్రరూ రాదు. అక్షరం రాదు, అంతే.

కీ నొక్కిన క్షణం నుంచి అక్షరం పడేదాకా ఉన్న దారి వెంట నడిస్తే ఏ ముక్క ఏ ప్యాకేజీదో తెలుస్తుంది. ఆర్‌టీఎస్ పద్ధతిలో (తెలుగు ఉచ్చారణని ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే పద్ధతి) "క" రాయడానికి ముందుగా ఇంగ్లిష్ "కె" నొక్కామనుకుందాం. కెర్నెల్ నుంచి ఒక కీ సంఖ్య బయల్దేరుతుంది. తెరనీ కీబోర్డునీ చూసుకునే ఎక్స్ సర్వర్ ద్వారా గానీ, దాని స్థానంలో వచ్చిన వేలాండ్ కంపోజిటర్ ద్వారా గానీ అది ఎదురుగా ఉన్న అప్లికేషన్‌కి చేరుతుంది. ఆ అప్లికేషన్ జీటీకే అనే టూల్‌కిట్‌తో (కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ) రాసినదైతే జీటీకే, క్యూటీతో రాసినదైతే క్యూటీ, ఆ కీని తన దగ్గరున్న ఇన్‌పుట్ మెథడ్ మాడ్యూల్ చేతిలో పెడుతుంది. మాడ్యూల్ దాన్ని డీబస్ మీదుగా ఐబస్ డెమన్‌కి (వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రామ్‌కి) అందిస్తుంది. డెమన్ ఐబస్-ఎం17ఎన్ ఇంజిన్‌కి ఇస్తుంది. ఇంజిన్ ఎం17ఎన్ లైబ్రరీని అడుగుతుంది. లైబ్రరీ ఎం17ఎన్-డీబీ అనే పట్టికల ప్యాకేజీలోంచి తెలుగు ఆర్‌టీఎస్ పట్టిక తీసి చూసి "క్" అంటుంది. తర్వాత ఇంగ్లిష్ "ఎ" నొక్కగానే దాన్ని "క"గా మారుస్తుంది. ఆ జవాబు మళ్లీ అదే దారిలో వెనక్కి వచ్చి తెరమీద పడుతుంది. ఎం17ఎన్ అనే పేరు చాలామందికి వింతగా ఉంటుంది. మల్టీలింగ్వలైజేషన్ అనే ఇంగ్లిష్ మాటలో మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ మధ్య 17 అక్షరాలున్నాయి, అదీ ఆ పేరు వెనకున్న లెక్క.

ఈ దారిని నడిమికి రెండుగా విడదీసి చూడండి. డెమన్ దగ్గర్నుంచి వెనక సగం, అంటే ఇంజిన్, లైబ్రరీ, పట్టికలు, గట్టి ముళ్లతో కట్టి ఉంటాయి. ఐబస్-ఎం17ఎన్ పెడితే మిగతా రెండూ వాటంతట అవే వస్తాయి. ముందు సగం, అంటే అప్లికేషన్ నుంచి డెమన్ దాకా, అంతా వదులు ముళ్లే. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ ముందు సగంలోనివే. అయినా అందరూ వెనక సగాన్నే తీసి మళ్లీ పెడుతూ ఉంటారు.

అసలు మీకు ఈ దారంతా కావాలా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ అలవాటున్నవాళ్లకి ఐబస్ అక్కర్లేదు. ఎక్స్‌కేబీ లేఅవుట్‌ల ప్యాకేజీ ప్రతి డెస్క్‌టాప్‌లోనూ ముందే ఉంటుంది, అందులో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కూడా ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒక కీకి ఒక యూనికోడ్ అక్షరం. "క్ష" కావాలంటే క, పొల్లు, ష వరసగా కొడతారు, వాటిని కలిపి చూపించే పని ఫాంట్‌ది. ముందు నొక్కిన కీ గుర్తుపెట్టుకోవలసిన అవసరం లేదు కాబట్టి మధ్యలో ఇంజిన్ అక్కర్లేదు. ఆర్‌టీఎస్ లాంటి ఉచ్చారణ పద్ధతులకి ఆ గుర్తు కావాలి, అందుకే ఇంజిన్ కావాలి. ఇన్‌స్క్రిప్ట్‌తో పని జరిగేవాళ్లు ఎక్స్‌కేబీ లేఅవుటే వాడుకుంటే ఇంత దారిలో చెడిపోయే చోట్లు దాదాపు ఉండవని నా గట్టి నమ్మకం. ఒక అప్లికేషన్‌లో వచ్చి ఇంకో దాంట్లో రాకపోవడం అనే బాధ అక్కడ చాలా అరుదు.

ఇంజిన్ కావలసినవాళ్లకి ఇప్పుడు ప్రధానంగా రెండు దారులు: ఐబస్, ఎఫ్‌సిటిఎక్స్5. రెంటి మీదా ఎం17ఎన్ పట్టికలు పనిచేస్తాయి. లోపలి కట్టుబడిలో మాత్రం తేడా ఉంది, అది డిపెండెన్సీల మీద ప్రభావం చూపుతుంది. ఐబస్‌లో ప్రతి ఇంజిన్ వేరే ప్రాసెస్. ఫలానా ఇంజిన్ ఉందని చెప్పే చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఒకటి ఐబస్ కాంపొనెంట్ ఫోల్డర్‌లో పడుతుంది, డెమన్ మొదలైనప్పుడు ఆ ఫోల్డర్ చదువుతుంది. కొత్త ఇంజిన్ పెట్టగానే జాబితాలో కనిపించకపోతే కారణం చాలాసార్లు ఇదే. ఐబస్‌ని రీస్టార్ట్ చేస్తే గానీ, లాగవుట్ అయి వస్తే గానీ అది కనిపించదు. ఎఫ్‌సిటిఎక్స్5లో ఇంజిన్‌లు చాలావరకు యాడ్-ఆన్‌లుగా అదే ప్రాసెస్ లోపలికి ఎక్కుతాయి. అందుకే వాటికీ మూల ప్యాకేజీకీ వెర్షన్ పొత్తు కుదిరి తీరాలి. ఒకటి డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీ) రిపాజిటరీ (ప్యాకేజీల భండారం) నుంచి, ఇంకొకటి బయటి రిపాజిటరీ నుంచి తెచ్చుకుంటే ఎఫ్‌సిటిఎక్స్5 పక్షాన దెబ్బతినే అవకాశం ఎక్కువ.

ప్రాసెస్‌లు వేరుగా ఉంచడం వెనక ఒక చేదు అనుభవం ఉంది. ఐబస్‌కి ముందు బాగా వాడుకలో ఉన్న స్కిమ్, సీ ప్లస్ ప్లస్‌లో రాసినది. దాని మాడ్యూల్ ప్రతి అప్లికేషన్‌లోకీ ఎక్కేది, ఎక్కుతూ తనతో పాటు సీ ప్లస్ ప్లస్ లైబ్రరీని కూడా లాక్కొచ్చేది. అప్లికేషన్ ఆ లైబ్రరీ ఇంకో వెర్షన్‌తో తయారై ఉంటే రెండూ ఒకే ప్రాసెస్‌లో ఢీకొని అప్లికేషన్ కూలిపోయేది. దీన్ని తప్పించడానికి అప్లికేషన్ లోపలికి చిన్న సీ మాడ్యూల్ మాత్రమే వెళ్లేలా స్కిమ్-బ్రిడ్జ్ వచ్చింది. తర్వాత 2008లో మొదలైన ఐబస్ పునాది నుంచే డీబస్ మీద కట్టుకుంది. 2009లో ఫెడోరా 11 దాన్ని డిఫాల్ట్ చేసుకుంది, 2012లో గ్నోమ్ డెస్క్‌టాప్ 3.6 వెర్షన్ తనలో కలుపుకుంది.

ఇక వదులు ముళ్లున్న ముందు సగానికి వద్దాం. జీటీకే2, జీటీకే3, జీటీకే4 మూడింటికీ మూడు వేర్వేరు మాడ్యూళ్లు కావాలి. క్యూటీ5, క్యూటీ6లకి మళ్లీ వేరు. డెబియన్, ఉబుంటులో ఇవి చాలావరకు విడివిడి ప్యాకేజీలు. ఐబస్-జీటీకే3, ఐబస్-జీటీకే4 అని అక్కడ, ఎఫ్‌సిటిఎక్స్5-ఫ్రంటెండ్-జీటీకే3, ఎఫ్‌సిటిఎక్స్5-ఫ్రంటెండ్-క్యూటీ6 అని ఇక్కడ. ఎడిటర్ జీటీకే4, బ్రౌజర్ జీటీకే3, మూడో అప్లికేషన్ క్యూటీ6 అయితే మూడు మాడ్యూళ్లు ఉండాలి. మీ సిస్టమ్‌లో ఏ డెస్క్‌టాప్ ఉంది అన్న దానికన్నా మీరు వాడే అప్లికేషన్‌లు ఏ టూల్‌కిట్‌తో రాసినవి అన్నదే ఇక్కడ లెక్క. ఆ లెక్క ప్యాకేజీ మేనేజర్‌కి తెలియదు, మనమే వేసుకోవాలి.

క్యూటీ సంగతి ఇంకొంచెం లోతుగా చూడాలి, ఎందుకంటే అప్‌డేట్ అయిన మర్నాడు టైపింగ్ ఆగిపోయిందనే బాధకి మూలం తరచు ఇక్కడే ఉంటుంది. క్యూటీ తన ఇన్‌పుట్ మెథడ్ ప్లగిన్‌లకి ఇచ్చే ఇంటర్‌ఫేస్ దాని ప్రైవేట్ భాగంలో ఉంది. వెర్షన్ మారినా ఇది మారదు అన్న హామీ ఆ భాగానికి లేదు. అందుకని 5.15 కోసం తయారైన ప్లగిన్ ఇంకో వెర్షన్ క్యూటీ మీద పనిచేస్తుందని చెప్పలేం, మళ్లీ బిల్డ్ చేయాల్సిందే. డెబియన్ ఈ బెడదని తెలివిగా పట్టుకుంది. క్యూటీ మూల ప్యాకేజీ తన వెర్షన్‌తో సహా ఒక వర్చువల్ ప్యాకేజీ పేరును ప్రకటిస్తుంది, ప్లగిన్ ప్యాకేజీ కచ్చితంగా ఆ పేరునే డిపెండెన్సీగా అడుగుతుంది. వదులు ముడి కాస్తా గట్టి ముడి అయింది. అందువల్ల బయటి రిపాజిటరీ నుంచి కొత్త క్యూటీ తెచ్చుకోబోతే ప్యాకేజీ మేనేజర్ మొరాయిస్తుంది. దాన్ని బలవంతంగా దాటవేయకండి. అది చెప్పేది సరిగ్గా మీకు కావలసిన హెచ్చరిక.

ఐబస్ ప్లగిన్‌కి క్యూటీ దగ్గర ఒక ప్రత్యేక స్థానం ఉంది. అది క్యూటీ సొంత కోడ్‌లోనే ఉంటుంది, క్యూటీతో పాటే బిల్డ్ అవుతుంది. ఎఫ్‌సిటిఎక్స్ ప్లగిన్ బయటిది. తన క్యూటీని తానే మోసుకొచ్చే అప్లికేషన్‌ల దగ్గర, అంటే యాప్‌ఇమేజ్‌లు, సోర్స్ ఇవ్వకుండా పంచే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ల దగ్గర, ఈ తేడా బయటపడుతుంది. అవి సిస్టమ్‌లోని ప్లగిన్ ఫోల్డర్ వైపు చూడవు. చూసినా వెర్షన్ కుదరదు. మీరు ఎన్ని ఫ్రంటెండ్ ప్యాకేజీలు పెట్టినా వాటికి అందవు. అయితే వాటిలో చాలావాటి వెంట ఐబస్ ప్లగిన్ మాత్రం వచ్చి ఉంటుంది. ఎఫ్‌సిటిఎక్స్5 వాడేవాళ్లకి ఇది ఎంతో ఉపయోగం. ఐబస్ డీబస్ మీద మాట్లాడే భాషని ఎఫ్‌సిటిఎక్స్5 కూడా అర్థం చేసుకోగలదు. ఆ ఒక్క అప్లికేషన్‌కి మాత్రం క్యూటీ ఇన్‌పుట్ మాడ్యూల్ వేరియబుల్‌ని ఐబస్ అని పెట్టి నడిపితే, అవతల నిజంగా ఉన్నది ఎఫ్‌సిటిఎక్స్5 అయినా సరే టైపింగ్ సాగుతుంది.

మాడ్యూల్ ఉంటే సరిపోదు, దాన్ని ఎంచుకోవాలి కూడా. ఎక్స్11 సెషన్‌లో (ఎక్స్ సర్వర్ మీద నడిచేది) ఆ పని మూడు వేరియబుల్స్ చేస్తాయి: జీటీకేకి ఒకటి, క్యూటీకి ఒకటి, ఇవి రెండూ కాని పాత ఎక్స్ అప్లికేషన్‌ల కోసం ఎక్స్‌మాడిఫయర్స్ అనేది ఒకటి. ఈ మూడోది 1990ల నాటి ఎక్స్ఐఎం ప్రోటోకాల్‌కి సంబంధించినది, క్యూటీ5 దగ్గర్నుంచి క్యూటీలో దానికి చోటు లేదు. వీటిని డెబియన్, ఉబుంటులో ఐఎం-కాన్ఫిగ్, ఫెడోరాలో ఐఎంసెట్టింగ్స్ అనే ప్యాకేజీ సెట్ చేస్తుంది. ఆర్చ్‌లో మనమే రాసుకోవాలి. ఎప్పుడో ఒక సలహా చూసి ప్రొఫైల్ ఫైలులో ఎఫ్‌సిటిఎక్స్ అని రాసుకుని, తర్వాత ఐబస్‌కి మారి, ఆ గీతలు చెరపడం మరిచిపోవడం అందరూ చేసే పొరపాటే. ప్యాకేజీని తీసేసినా మనం చేత్తో రాసిన గీత మాత్రం ఉండిపోతుంది. లేని మాడ్యూల్‌ని అడుగుతూనే ఉంటుంది.

సిఫారసుల గురించి విడిగా చెప్పాలి. డెబియన్ కుటుంబంలో డిపెండ్స్ అంటే తప్పనిసరి, రికమెండ్స్ అంటే మామూలుగా అందరికీ ఉండాల్సినది, సజెస్ట్స్ అంటే ఉంటే మంచిది. ఆప్ట్ అనే అక్కడి ప్యాకేజీ మేనేజర్ మొదటి రెంటినీ పెడుతుంది, మూడోదాన్ని వదిలేస్తుంది. టూల్‌కిట్ మాడ్యూళ్లు ఎక్కువగా రికమెండ్స్‌లో ఉంటాయి, ఎందుకంటే అవి లేకపోయినా డెమన్ నడుస్తుంది. డిస్క్‌లో చోటు మిగులుతుందని రికమెండ్స్ ఆపేసుకున్న సిస్టమ్‌లో ఐబస్ పెడితే డెమన్ వస్తుంది, ఇంజిన్ వస్తుంది, రెంటినీ అప్లికేషన్‌తో కలిపే వంతెన రాదు. ఇన్‌పుట్ మెథడ్‌ల విషయంలో ఆ పొదుపు వద్దని నా సలహా. ఫెడోరా వాడే ఆర్‌పీఎంలో ఇంకొంచెం వెసులుబాటు ఉంది. "జీటీకే4 ఉంటేనే దాని మాడ్యూల్ కావాలి" అని షరతుతో రాయొచ్చు, అలా రాసే సౌకర్యం డెబియన్ ప్యాకేజీల్లో లేదు. ఆర్చ్‌లో ఐచ్ఛిక డిపెండెన్సీల జాబితా తెరమీద కనిపించి వెళ్లిపోతుంది తప్ప ఏదీ దానంతట ఇన్‌స్టాల్ అవదు. ఆ నాలుగు వరసలు చదవకుండా దాటేస్తే తర్వాత గంటలు పోతాయి.

తీసేసేటప్పుడు ప్రమాదం ఇంకా పెద్దది. ఎఫ్‌సిటిఎక్స్5 పెట్టాం కదా, ఐబస్ ఎందుకని దాన్ని తీసేయబోతారు. గ్నోమ్ షెల్ ఐబస్ లైబ్రరీని నేరుగా వాడుకుంటుంది. అందుకని డిస్ట్రోని బట్టి, లైబ్రరీ దాకా తీసేయబోతే డెస్క్‌టాపే తొలగింపు జాబితాలోకి వచ్చేస్తుంది. అందులో డెస్క్‌టాప్ మెటా ప్యాకేజీ పేరు కనిపిస్తే అక్కడే ఆగాలి. మెటా ప్యాకేజీలో ఫైళ్లేమీ ఉండవు, అది పోయినా ఆ క్షణంలో ఏమీ కాదు. కానీ దాని వల్ల వచ్చిన ప్యాకేజీలన్నీ ఎవరికీ అక్కర్లేనివిగా లెక్కలోకి వెళ్లి, తర్వాత ఆటోరిమూవ్ నడిపినప్పుడు ఒక్కసారిగా ఖాళీ కావచ్చు. గ్నోమ్‌లో ఐబస్‌ని తీసేయనవసరం లేదు, వాడకుండా వదిలేస్తే చాలు. మీరు కావాలని ఉంచుకున్న మాడ్యూళ్లని ఆప్ట్-మార్క్‌తో మాన్యువల్‌గా గుర్తు పెట్టుకోండి, ఆటోరిమూవ్ వాటి జోలికి రాదు. ఏదైనా తీసేసే ముందు ఉత్తుత్తి పరుగు (నిజంగా తీసేయకుండా జాబితా మాత్రమే చూపేది) నడిపి, ఏవేవి పోతాయో ఒకసారి చదువుకోండి.

వేలాండ్ ఈ లెక్కంతా మార్చేస్తోంది, మంచికే. అక్కడ అప్లికేషన్ నేరుగా డెమన్‌తో మాట్లాడదు. టెక్స్ట్-ఇన్‌పుట్ అనే ప్రోటోకాల్‌తో కంపోజిటర్‌కి చెబుతుంది, కంపోజిటర్ ఇన్‌పుట్ మెథడ్‌తో మాట్లాడుకుంటుంది. గ్నోమ్ వేలాండ్‌లో నడిచే జీటీకే అప్లికేషన్‌కి ఐబస్-జీటీకే3 లాంటి మాడ్యూలే అక్కర్లేదు, జీటీకేలోనే వేలాండ్ మాడ్యూల్ ఉంది. చిక్కంతా వెర్షన్‌ల దగ్గర. గ్నోమ్‌కి తెలిసినది మూడో వెర్షన్ టెక్స్ట్-ఇన్‌పుట్, క్యూటీ5కి తెలిసినది రెండోది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు కాబట్టి గ్నోమ్‌లో క్యూటీ5 అప్లికేషన్‌లకి పాత పద్ధతిలో వేరియబుల్ పెట్టి ఐబస్ ప్లగిన్ వాడాల్సిందే. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో దీనికి భిన్నం. సిస్టమ్ సెట్టింగ్స్‌లో వర్చువల్ కీబోర్డ్ అనే చోట ఎఫ్‌సిటిఎక్స్5ని ఎంచుకోవాలి, కంపోజిటరే దాన్ని మొదలుపెడుతుంది. అక్కడ జీటీకే, క్యూటీ వేరియబుల్స్‌ని సెషన్ మొత్తానికి పెట్టకపోవడమే మేలు. పెడితే అప్లికేషన్‌లు కంపోజిటర్‌ని దాటి పాత దారి పడతాయి. పేరు చూసి మోసపోకండి. వర్చువల్ కీబోర్డ్ అన్నా అది తెరమీది కీబోర్డ్‌కే పరిమితం కాదు.

ఫ్లాట్‌ప్యాక్ అప్లికేషన్‌లు, అంటే సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిచేవి, మరో గడప లోపల ఉంటాయి. మీరు సిస్టమ్‌లో పెట్టిన మాడ్యూల్ ఆ గడప దాటి లోపలికి వెళ్లదు. మాడ్యూల్ రన్‌టైమ్‌లోనే (ఫ్లాట్‌ప్యాక్‌తో వచ్చే ఉమ్మడి లైబ్రరీల మూటలోనే) వచ్చి ఉండాలి, అది పోర్టల్ అనే కిటికీలోంచి బయటి డెమన్‌తో మాట్లాడుతుంది. కాబట్టి ఫ్లాట్‌ప్యాక్‌లో తెలుగు రాకపోతే సిస్టమ్ ప్యాకేజీలు తిరగేసి లాభం లేదు. ముందు ఆ రన్‌టైమ్‌ని అప్‌డేట్ చేసి చూడాలి.

దారి పక్కన దాక్కున్న డిపెండెన్సీలు మరో రెండున్నాయి. ఐబస్ సెట్టింగ్స్ కిటికీ పైథాన్‌లో రాసినది. సిస్టమ్ పైథాన్‌ని ఇంకో వెర్షన్‌కి మార్చుకుంటే టైపింగ్ మామూలుగానే సాగుతుంది, సెట్టింగ్స్ మాత్రం తెరుచుకోవు, పైథాన్ మాడ్యూల్ దొరకలేదనే ఎర్రర్ వస్తుంది. రెండోది సెట్టింగ్స్‌ని డిస్క్‌లో దాచే డీకాన్ఫ్. చిన్న విండో మేనేజర్‌లు వాడేవాళ్ల సిస్టమ్‌లో అది లేకపోతే ఐబస్ సెట్టింగ్స్ మెమరీలోనే ఉంటాయి. తెలుగు చేర్చుకుంటారు, కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే తెలుగు ఉండదు.

మొదట చెప్పిన మూడో అప్లికేషన్ దగ్గరికి తిరిగి వెళ్దాం. దాన్ని నడుపుతూ, దాని ప్రాసెస్ సంఖ్య పట్టుకుని, ప్రోక్ ఫోల్డర్‌లో ఆ సంఖ్య కింద ఉండే మ్యాప్స్ అనే ఫైలు తెరవండి. ఆ ప్రాసెస్ ఎక్కించుకున్న ప్రతి లైబ్రరీ అందులో కనిపిస్తుంది. ముందు జీటీకే ఏ వెర్షనో, క్యూటీ ఏ వెర్షనో చూడండి. అది సిస్టమ్ ఫోల్డర్‌లోదా, అప్లికేషన్ సొంత ఫోల్డర్‌లోదా అన్నది చూడండి. ఆ తర్వాత ఐబస్ పేరున్న మాడ్యూల్ ఎక్కిందో లేదో చూడండి. జీటీకే4 ఉండి మాడ్యూల్ లేకపోతే, ఎక్స్11లో అయితే ఐబస్-జీటీకే4 పెట్టాలి. మాడ్యూల్ ఎక్కినా అక్షరం రాకపోతే డెమన్ నడుస్తోందో లేదో చూడాలి. క్యూటీ అయితే దాని డీబగ్ ప్లగిన్స్ వేరియబుల్‌ని 1 చేసి టెర్మినల్ నుంచి నడపండి, ఏ ఫోల్డర్‌లో ఏ ప్లగిన్ కోసం వెతికిందో, ఎందుకు వద్దనుకుందో వరసగా చెబుతుంది. సొంత ఫోల్డర్‌లోని క్యూటీ అని తేలితే, ఆ ఫోల్డర్‌లో ప్లాట్‌ఫామ్ఇన్‌పుట్‌కాంటెక్స్ట్స్ అనే ఉపఫోల్డర్ వెతకండి. అందులో ఐబస్ ప్లగిన్ ఉంటే, ఆ అప్లికేషన్ డెస్క్‌టాప్ ఫైలుని మీ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, ఎగ్జిక్యూట్ చేసే వరసలో ఆ ఒక్క వేరియబుల్ చేర్చండి. ప్లగిన్ లేకపోతే ఆ అప్లికేషన్ తయారుచేసినవాళ్లే దాన్ని చేర్చాలి. ప్లగిన్ పేరు, క్యూటీ వెర్షన్ రెండూ రాసి వాళ్లకి బగ్ రిపోర్ట్ పంపండి. ఏం లేదో స్పష్టంగా చెప్పిన రిపోర్ట్ అయితే సరిదిద్దడానికి వాళ్లకి పెద్ద పని ఉండదు.